హోయి ఆన్‌లో ఒక్క రోజు: అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

అమ్మనీ నాన్ననీ తీసుకుని వియత్నాంలో దనాంగ్ నుంచి పాత రేవు పట్నం హోయి ఆన్ వెళ్ళొస్తామని రాశావు. దూరం 30 కిలోమీటర్లే, కారులో ముప్పావు గంట. దగ్గరే కదా అని చాలామంది హోటల్లో టిఫిన్ ముగించి తీరిగ్గా పదకొండింటికి దిగుతారు. అప్పటికే ఎండ మాడ్చేస్తుంటుంది. మూడయ్యేసరికి పెద్దవాళ్ళ కాళ్ళు లాగేస్తాయి. సాయంత్రం లాంతర్లు వెలిగే వేళకి తిరుగు కారెక్కేస్తారు. అందుకే రోజుని రెండు ముక్కలు చెయ్యి: పొద్దున్న ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. మధ్యలో ఊరు చూడాలన్న ఆలోచనే వద్దు. నాలుగైదు కిలోమీటర్లలో అన్ బాంగ్ బీచ్ ఉంది. లేదా ఓ గది తీసుకుని పడుకోబెట్టు.

ఏడింటికి వీధులు ఖాళీ. ముందు జపనీస్ వంతెనకి వెళ్ళు. ఒక చివర కోతుల విగ్రహాలు, ఇంకో చివర కుక్కలవి ఉంటాయి. మధ్యలో చిన్న గుడి. మరమ్మతులయ్యాక 2024లో మళ్ళీ తెరిచారు. ఎనిమిది దాటాక పాత ఊరి టికెట్టు కొను. విదేశీయులకి మనిషికి 1,20,000 డాంగ్. దానికి కొన్ని కూపన్లు ఉంటాయి, ఒక్కో చోట ఒక్కోటి చింపుకుంటారు. కనబడిన ప్రతి గుమ్మంలో చింపించుకోకు. పాత వర్తకుల ఇళ్ళు తాన్ కీ, ఫుంగ్ హుంగ్, చైనా వర్తకుల ఫుక్ కియెన్ సభామందిరం, ఈ మూడింటికీ ముందు దాచు.

తాన్ కీ ఇంటి ముందు గుమ్మం వీధిలోకి, వెనక గుమ్మం నది వైపుకి. సరుకు వెనక నుంచి దిగేది, అమ్మకం ముందు జరిగేది. గోడ మీద ఏ ఏడు వరద ఎంతెత్తు వచ్చిందో గుర్తులున్నాయి, 1964ది నాన్న తల కంటే పైనే ఉంటుంది. ఫుంగ్ హుంగ్‌లో మేడ నేలలో ఓ తలుపుంటుంది. నీళ్ళొస్తే సరుకంతా దాంట్లోంచి పైకి లాగేవాళ్ళు. అది చూపించమని అడుగు, లేకపోతే దాటేసి వచ్చేస్తారు. ఊరి పక్కన పారే థూ బోన్ నది పూడిపోయి పెద్ద ఓడలు దనాంగ్‌కి మళ్ళాయి, వ్యాపారం తగ్గబట్టే ఈ ఇళ్ళు ఇలా మిగిలాయి. వరద మాత్రం ఇప్పటికీ వస్తుంది. అక్టోబరు, నవంబరు అయితే టికెట్లు వేసుకోకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మేలు.

అమ్మ తిండి సంగతి. ఊరి ప్రత్యేకం కావ్ లావ్ నూడుల్స్‌లో పంది మాంసం ఉంటుంది. వైట్ రోజ్ అనే తెల్లటి కుడుముల్లో రొయ్య. మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు గానీ చేప సాస్ అలాగే ఉంటుంది. "చాయ్" (chay) అని బోర్డున్న హోటలు వెతుకు. అది బౌద్ధుల శాకాహారం, చేప సాస్ కూడా వెయ్యరు. వియత్నామీస్ అక్షరాల్లో ఆ మాట ఫోన్లో పెట్టుకుని చూపించు, నోటితో చెబితే మన ఉచ్చారణకి టీ తెచ్చినా తేవచ్చు. అయినా పెరుగూ ఊరగాయా లేని పూట అమ్మకి పూటే కాదు, ఓ పొడి డబ్బా సంచిలో పడెయ్యి.

డబ్బు దగ్గర జాగ్రత్త. 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి, దీపాల వెలుతురులో తేడా తెలీదు. వంతెన బొమ్మ ఉన్నది ఇరవై వేలది. అయిదు లక్షలవి వేరే జేబులో పెట్టు.

సాయంత్రం లాంతరు పడవ ఎక్కేముందు ధర తేల్చుకో. ముగ్గురికి సుమారు 1,50,000 డాంగ్, ఇరవై నిమిషాలు. ఒడ్డున చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళ దగ్గర కాకుండా టికెట్టు కౌంటర్లో కొను. పున్నమికి ముందు రోజు, చాంద్రమానం పద్నాలుగో నాడు, కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు. బాగుంటుంది గానీ జనం విపరీతం, నాన్న మోకాళ్ళకి ఆ రోజు వద్దు.

సూటు కుట్టించుకోకు. ఒక్కరోజులో కుట్టేస్తారు, కానీ రెండోసారి తొడిగి సరిచేసుకునే వ్యవధి ఉండదు.

"మీ సోన్" అనే చోట ఉన్న పాత శివాలయాలు కూడా అదే రోజు కలపాలని నాన్న అడుగుతాడు. ఆ గుళ్ళు కట్టించిన చంపా రాజుల కాలంలో ఈ ప్రాంతం పేరు అమరావతి అని చెబితే మరీ పట్టుబడతాడు. అది ఇంకో 40 కిలోమీటర్లు, దానికి వేరే పొద్దు కేటాయించు.

పాత ఊళ్ళోకి కారు రాదు. రాత్రి ఎనిమిదింటికి యాప్‌లో కారు దొరకడం కష్టం. పొద్దున్న దింపిన డ్రైవరుతోనే తిరుగు ప్రయాణానికి వేళా, ఎక్కే చోటూ మాట్లాడేసుకో.

ఇట్లు,
పెదనాన్న