మసాయి మారాకి వెళ్తూ కెమెరా బ్యాగు కొనేముందు

చి. సుధకు,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు బ్యాగులూ చూశాను. కుట్టు బావుంది, గుడ్డ గట్టిది, దేనికీ వంక పెట్టలేం. కానీ ఈ మూడిట్లో ఏది తీసుకోమంటావని అడిగావు చూడు, దానికి ఇప్పుడే జవాబు చెప్పను. బ్యాగు నచ్చి, తర్వాత అందులో సామాను ఎలా సర్దాలా అని ఆలోచిస్తున్నావు నువ్వు. అలా కాదమ్మా. ముందు నీ దారి చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఎక్కి, దోహాలో విమానం మారి, నైరోబీలో దిగి, మర్నాడు అక్కడి విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానంలో, జంతువుల ఫోటోలు తీయడానికి, కెన్యా అభయారణ్యం మసాయి మారాకి వెళ్తున్నావు. ఇంత దారిలో ఎక్కడ బాగా ఇరుకో, అక్కడ పట్టే బ్యాగు కొనాలి. ఆ ఇరుకు ఆఖర్న ఎక్కే ఆ చిన్న విమానమే.

అవి సెస్నా క్యారవాన్‌లు, ఒకే ఇంజను, పదీ పన్నెండు మంది పడతారు. సామాను ఎక్కువగా విమానం పొట్ట కింద ఉండే పెట్టెలోకి తోస్తారు, దాని తలుపు చిన్నది, అందుకే మెత్తటి బ్యాగులే తెమ్మంటారు. మామూలుగా మనిషికి 15 కిలోలు, చేతి సామానుతో కలిపే. బట్టలు, బూట్లు, మందులు, కెమెరా అన్నీ అందులోనే. గట్టి అట్టలాంటి చక్రాల పెట్టె తెచ్చినవాళ్ళు విల్సన్‌లో నేల మీద కూర్చుని సామాను విప్పి సంచుల్లోకి మార్చుకోవడం నా కళ్ళారా చూశాను. కొన్ని కంపెనీలు డబ్బు కడితే అదనపు బరువుకి సీటు ఇస్తాయి, కావాలంటే ముందే రాసి అడుగు, అక్కడికెళ్ళి బతిమాలుకోవద్దు.

నా మొదటి ప్రయాణం సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీసినవాణ్ణి, సామాను మోయడం నాకు కొత్త కాదు, అందుకని స్టూడియోలో వాడే చక్రాల బ్యాగునే తీసుకెళ్ళాను. మధ్యలో విమానం మారేచోట గేటు దగ్గర తూకం వేశారు, 11 కిలోలు చూపించింది. ఎంత చెప్పినా వినలేదు, చీటీ కట్టి కిందకి పంపేశారు. నైరోబీలో బెల్టు మీదికి వచ్చినప్పుడు బ్యాగు మూల నొక్కుకుపోయి ఉంది. జిప్పు తీసి పెద్ద లెన్సు చేతిలోకి తీసుకుని తిప్పితే లోపల చిన్న గలగల. ముందు ఫిల్టరు పగిలి గాజు ముక్కలు మెత్త మీద మెరుస్తున్నాయి, అదైతే పోనీ అనుకోవచ్చు, కానీ మౌంటు, అంటే లెన్సుని కెమెరాకి తగిలించే చుట్టు, ఒక పక్కకి వంగి కెమెరాకి ఎక్కనే లేదు. ఎంతోకాలం కూడబెట్టుకుని వెళ్ళినవాణ్ణి, ఆరు రోజులూ చిన్న లెన్సుతోనే తీశాను. నది దాటే జంతువుల మంద నా ఎదురుగా ఉంది, ఫోటోలో మాత్రం చీమల బారులా వచ్చింది. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా.

కాబట్టి మొదటి మాట, కెమెరా బ్యాగు నీ చేతిలోంచి పోకూడదు. పోకూడదంటే బరువు లోపల ఉండాలి. నిన్న రాత్రి నీ లిస్టు పెట్టుకుని లెక్క వేశాను. సోనీ ఏ7 ఫోర్ బాడీ (లెన్సు లేని కెమెరా) బ్యాటరీతో 658 గ్రాములు, ఏ6700 బాడీ 493, దూరాన్ని దగ్గరకి లాగే ఆ 200-600 లెన్సు ట్రైపాడ్ రింగు లేకుండానే 2115, 24-105 లెన్సు 663, విడి బ్యాటరీలు నాలుగు, ఒక్కోటి 83 చొప్పున 332. ఇవే 4261 గ్రాములయ్యాయి. నీ ల్యాప్‌టాప్ 1240 కలిపితే అయిదున్నర కిలోలు. ఇక ఛార్జరు, కార్డులు, వైర్లు, దుమ్ము ఊదే బ్లోయర్, ఓ అరకిలో అనుకో. ఆరు కిలోలు. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఎకానమీ వాళ్ళకి చేతి సామాను 7 కిలోలే, కొలత 50×37×25 సెంటీమీటర్లు. అంటే బ్యాగుకి మిగిలింది ఒక్క కిలో! నువ్వు పంపిన వాటిలో రెండోది, నీకు బాగా నచ్చిందన్నావే, అది ఖాళీగానే రెండు కిలోల ఏడొందలు. బ్యాగులమ్మేవాళ్ళు లీటర్లు పెద్ద అక్షరాల్లో రాస్తారు, ఖాళీ బరువు ఎక్కడో అడుగున ఉంటుంది. నువ్వు ముందు అది వెతుకు. ఒకటిన్నర కిలో దాటింది అసలు చూడకు.

అప్పుడైనా అరకిలో ఎక్కువే అవుతుంది కదా అంటావు. ల్యాప్‌టాప్ తీసి పల్చటి సంచిలో విడిగా పట్టుకో, చాలా విమానాల్లో హ్యాండ్‌బ్యాగు లాంటిది ఇంకొకటి ఒప్పుకుంటారు, నీ టికెట్‌లో ఏముందో చూసుకో. అసలు ల్యాప్‌టాప్ అవసరమా అని కూడా ఆలోచించు, కార్డులు రెండు ఎక్కువ కొనుక్కుంటే ఇంటికొచ్చాకే చూసుకోవచ్చు. జేబులున్న జాకెట్ ఒకటి వేసుకో, బ్యాటరీలు, కార్డులు, చిన్న లెన్సు అందులోకి పోతాయి. తూకం వేస్తారనిపిస్తే ఒక బాడీ మెడలో వేసుకో. మెడలో ఉన్న కెమెరాని బ్యాగుతో కలిపి తూచడం నేనైతే చూడలేదు.

గట్టి ప్లాస్టిక్ పెట్టెలు మంచివని మీ ఆఫీసులో ఎవరో చెప్పారన్నావు. నీళ్ళలో పడినా ఏం కాదు, నిజమే. కానీ అందరూ వాడే పెలికన్ 1510 ఖాళీగానే అయిదు కిలోల పైచిలుకు. మిగిలిన దాంట్లో ఏం పెడతావు? పైగా విల్సన్‌లో అది నడవదు. ఈ బరువు బాధ కొత్తదేం కాదులే. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పనిచేసిన జిమ్ డోమ్కే అనే ఫోటోగ్రాఫర్ 1970ల్లో తన పనికి పనికొచ్చే బ్యాగు దొరక్క మెత్తటి కాన్వాసుతో తనే ఒకటి తయారుచేయించుకున్నాడు, మందపాటి మెత్తలు లేకుండా, ఒంటికి అతుక్కునేలా. పత్రికలవాళ్ళు ఇప్పటికీ అది వాడుతున్నారు. మెత్త ఎంత ఎక్కువుంటే అంత భద్రం అనుకుంటాం గానీ, బ్యాగు నీ భుజం మీదే ఉన్నంతసేపు దానికి అంత మెత్త అక్కర్లేదు.

ఇక తెరుచుకునే తీరు. ఇది చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. మన ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ దగ్గర కెమెరాలు, లెన్సులు, ఛార్జర్లు, పవర్ బ్యాంకు అన్నీ బయటకి తీసి ట్రేల్లో పెట్టమంటారు. వెనక లైను నిలబడి ఉంటుంది, నీకు టెన్షన్, ఆ టెన్షన్‌లోనే లెన్సు మూత ఎక్కడో జారిపోతుంది. పైనుంచి మాత్రమే తెరుచుకునే బ్యాగైతే చేతిని మోచెయ్యి దాకా దూర్చి వెతకాలి. అలా కాకుండా వీపుకి ఆనే వైపునుంచి మొత్తం పలకలా విచ్చుకునే బ్యాగు తీసుకో. ఒక్క జిప్పు లాగితే అన్నీ కనిపిస్తాయి, తీసింది తీసినచోటే మళ్ళీ పెట్టొచ్చు, ఏదైనా మర్చిపోతే ఆ గది ఖాళీగా కనబడి నీకే తెలుస్తుంది. ఇంకో లాభం ఉంది. రద్దీలో నడుస్తున్నప్పుడు నీ వెనకున్నవాడు జిప్పు తీయలేడు. ఆపైన మట్టిలో బ్యాగు పడుకోబెట్టి తెరిచినప్పుడు ముందు వైపే కిందుంటుంది, వీపుకి తగిలే వైపు శుభ్రంగా ఉంటుంది.

సెక్యూరిటీ కంటే ముందే శంషాబాద్‌లో కస్టమ్స్ కౌంటర్ పని ఒకటుంది. ఇంత ఖరీదు సామాను పట్టుకెళ్తున్నప్పుడు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. తిరిగొచ్చేటప్పుడు ఇవి అక్కడ కొన్నావా అని అడిగితే చూపించడానికి. బాడీలు, లెన్సుల సీరియల్ నంబర్లు వాళ్ళు సరిచూస్తారు, కాబట్టి ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకో, బిల్లుల కాపీలు జతచెయ్యి, మామూలుకన్నా గంట ముందు వెళ్ళు. ఆ కాగితమూ, పాస్‌పోర్టూ, పసుపు జ్వరం టీకా కార్డూ పెట్టుకోవడానికి వీపు వైపున ఒక జేబుండాలి. అన్నట్టు టీకా వేయించుకున్నావా? కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన దగ్గరే ఆ కార్డు అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, నారాయణగూడలో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఐపీఎంలో వేస్తారు. ఇది ఇవాళే చూసుకో, బ్యాగు రేపు కొనుక్కోవచ్చు.

కొలత విషయానికొస్తే నీ 200-600 లెన్సు పొడవు 318 మిల్లీమీటర్లు, జూమ్ చేసినా పెరగదు, తగ్గదు. బాడీ తగిలించే ఉంచాలంటే దాదాపు 40 సెంటీమీటర్ల లోపలి పొడవు కావాలి. 50 సెంటీమీటర్ల బ్యాగులో పడుతుంది, కానీ విమానంలో విడదీసే పెట్టు. అంత బరువు లెన్సు కుదుపులకి ఊగుతుంటే మౌంటు మీద భారం పడుతుంది. మౌంటు వంగితే ఏమవుతుందో పైన రాశాను కదా. మారాలో దిగాక తగిలించు, ఇక తియ్యకు. ఆగస్టు అంటే అక్కడ ఎండుగడ్డి, జీపు వెళ్తుంటే వెనకాల తెరలా లేచే దుమ్ము. నీకు రెండు బాడీలున్నాయి కాబట్టి ఒకదానికి పెద్దది, ఇంకోదానికి 24-105, అంతే. జీపులో ఉన్నంతసేపూ రెండూ ఒళ్ళో, పైన ఒక పాత తువ్వాలు. బ్యాగుని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టకు, ఆ గ్రావెల్ రోడ్డు అదురుకి స్క్రూలు కూడా వదులవుతాయి. పక్క సీటు మీద పెట్టి సీటుబెల్టు వేసెయ్.

దుమ్ము ముందు పట్టేది జిప్పునే. బ్యాగు కొనేటప్పుడు జిప్పు పళ్ళు పెద్దవిగా ఉన్నాయా, మూలల దగ్గర రన్నరు ఆగకుండా తిరుగుతోందా అని అయిదారు సార్లు లాగి చూడు, సామాను నింపి మరీ లాగు, ఖాళీ బ్యాగు జిప్పు ఎప్పుడూ బాగానే తిరుగుతుంది. వెళ్ళేముందు కొవ్వొత్తి ముక్కతో పళ్ళ మీద రుద్దు. రోజూ రాత్రి పాత టూత్ బ్రష్‌తో దులుపు. పక్షుల కోసం కొల్లేరు ఆటపాక, ఉప్పలపాడు తిరిగినప్పుడు మనకి తేమ భయం. మారాలో దుమ్ము భయం, అందుకని సిలికా జెల్ పొట్లాలు రెండు చాలు గానీ గుడ్డ సంచులు ఎక్కువ తీసుకో. ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో చుట్టి తీసుకెళ్ళకు, కెన్యాలో 2017 ఆగస్టు నుంచి అవి నిషేధం. బీన్ బ్యాగు కావాలంటే ఖాళీ గుడ్డ తొడుగు మడిచి తీసుకెళ్ళి అక్కడ బియ్యమో చిక్కుడు గింజలో నింపించుకో, జీపు కప్పు అంచు మీద లెన్సు ఆనించడానికి ట్రైపాడ్ కంటే అదే మేలు. ట్రైపాడ్ మానెయ్, ఆ బరువు దండగ.

బ్యాటరీలకి విడిగా ఒక చిన్న పౌచ్ ఉండాలి. విడి బ్యాటరీలూ పవర్ బ్యాంకూ చేతి సామానులోనే వెళ్ళాలి, చెక్-ఇన్‌లో వెయ్యకూడదు. 100 వాట్ అవర్ల లోపు వాటికి పర్మిషన్ అక్కర్లేదు, నీ కెమెరా బ్యాటరీ 16.4, 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74, కాబట్టి ఇబ్బంది లేదు. కొనలకి మూతలు పెట్టు. నిండినవి పౌచ్‌లో మూత పైకి, అయిపోయినవి కిందికి పెట్టే అలవాటు చేసుకో, తెల్లవారుజామున చీకట్లో చేత్తో తడిమితే తెలిసిపోతుంది. క్యాంపుల్లో కరెంటు చాలాచోట్ల కొన్ని గంటలే, ప్లగ్గు మూడు పలకపళ్ళది, ఇంగ్లండ్ రకం. అడాప్టరు ఇక్కడే కొను.

రంగు నల్లదో బూడిదదో, కంపెనీ పేరు కొట్టొచ్చినట్టు కనబడనిదైతే చాలు. చక్రాలు వద్దు, బరువు దండగ. ఛాతీ పట్టీ, నడుం బెల్టు మాత్రం తప్పకుండా ఉండాలి, మీ అమ్మలా నీదీ సన్నటి భుజం, బరువంతా భుజాల మీదే పడితే రెండో రోజుకే మెడ పట్టేస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేకంటే ఆదివారం కాకుండా మామూలు రోజు సామానంతా పట్టుకుని కోఠీలో కెమెరా దుకాణాలకి వెళ్ళు. అక్కడే సర్దించి, భుజానికెత్తుకుని, పావుగంట నిలబడు. కొన్నాక ఒక పొద్దున గోల్కొండ వెళ్ళి నిండు బ్యాగుతో బాలాహిస్సార్ దాకా ఎక్కు. ఎక్కడ ఒరుసుకుంటోందో, నడుం బెల్టు సరిగ్గా కూర్చుందో లేదో ఆ మెట్ల మీదే తెలుస్తుంది, మార్చుకోవాలన్నా అప్పటికి టైముంటుంది.

నువ్వు పంపిన మూడిట్లో మొదటిది ఖాళీ బరువు ఎంతో కనుక్కుని రాయి. ఒకటిన్నర కిలో లోపుంటే అదే చూద్దాం. లేకపోతే నా పాత బ్యాగు వచ్చే వారం బస్సులో పంపిస్తాను, ఎడమ పట్టీ కుట్టు ఊడితే కొత్తగా కుట్టించాను, ఈ ట్రిప్పుకి వాడుకో. అక్కకి, బావకి నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య