బ్రూమ్ ప్రయాణం జనవరిలో వద్దు

జనవరి సెలవుల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రూమ్ వెళ్తే ముత్యాల చరిత్రతో పాటు ‘చంద్రుడి మెట్లు’ కూడా చూడవచ్చా అని అడిగారు. అది వానలు, తుపానుల కాలం. సముద్రంలో విషపు జెల్లీఫిష్‌లూ ఉంటాయి. మార్చి నుంచి అక్టోబరు వరకు, పున్నమి రోజుల్లో రోబక్ అఖాతపు నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడే తడి బురదనేలపై వెన్నెల మెట్లుమెట్లుగా కనిపిస్తుంది కాబట్టి, ఆటుపోట్ల పట్టిక చూసుకొని, జూన్, ఆగస్టుల మధ్య ఏదైనా ఒక పున్నమి చుట్టూ నాలుగు రోజులు కేటాయించుకోండి. బ్రూమ్‌లోని జపనీయుల శ్మశానాన్ని మాత్రం హడావిడిగా చూడకండి: జపాను అక్షరాలు చెక్కిన రాళ్ల కింద 900 మందికి పైగా ఉన్నారు, వారిలో చాలామంది ముత్యపు చిప్పల కోసం సముద్రపు అడుగుకు దిగే పని చేసినవారే. అప్పట్లో అసలు గిరాకీ ముత్యాలకు కాదు, చొక్కా గుండీలకు పనికొచ్చే ఆ చిప్పలకే.