పాఠకుల ప్రశ్నలు: కొత్త విమానం ఎందుకు ఆలస్యమవుతుంది?

ప్రశ్న: ఎంబీఏ తరగతిలో మాకు బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ ఆలస్యాన్ని ఒక పాఠంగా చెప్పారు. పనిని దేశదేశాల కంపెనీలకు పంచడమే తప్పని మా మాస్టారి అభిప్రాయం. కానీ ఈరోజుకీ పెద్ద విమానాలన్నీ అలాగే తయారవుతున్నాయి కదా? 2007లో అందరి ముందూ నిలబెట్టిన విమానం రెండేళ్లు దాటినా ఎందుకు ఎగరలేకపోయింది?
– ఒక విద్యార్థి, హన్మకొండ

సమాధానం: మీకు వచ్చిన సందేహం సరైనదే. 787 కంటే ముందు వచ్చిన 777కు కూడా జపాన్ కంపెనీలు ఫ్యూజలేజ్ (విమానపు మొండెం) పలకలు చేసి పంపాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 1990 అక్టోబరులో ఆర్డరు ఇస్తే, 1995 మే నెలలో మొదటి 777 దాని చేతికి అందింది. అయితే ఆ విమానానికి ప్రధానమైన డ్రాయింగులు బోయింగ్ ఇంజనీర్లే తయారుచేసుకున్నారు కాబట్టి, బయటినుంచి వచ్చిన పలకలో తేడా ఉంటే అది ఎక్కడ, ఎందుకు వచ్చిందో చెప్పగల మనిషి అదే ప్రాంగణంలో దొరికేవాడు.

787కు వచ్చేసరికి బోయింగ్ తయారీతోపాటు వివరమైన డిజైన్‌నూ, పెట్టుబడి భారంలో కొంతభాగాన్నీ, కింది స్థాయి సప్లయర్లను ఎంచుకుని అజమాయిషీ చేసే బాధ్యతనూ కూడా భాగస్వాములకే అప్పగించింది. రెక్కలను జపాన్‌లోని నగోయాలో మిత్సుబిషి, రెక్కల నడుమ ఉండే పెట్టెను ఫుజి, ముక్కు భాగాన్ని అమెరికాలోని విచిటాలో స్పిరిట్, నడుమ భాగాలు కొన్నింటిని ఇటలీలో అలెనియా, వెనుక భాగాన్ని అమెరికాలోనే చార్ల్స్‌టన్‌లో వాట్ కంపెనీ చేయాలి. వాటిని ప్రత్యేకంగా మార్చిన 747 విమానాల్లో ఎవరెట్‌లోని బోయింగ్ కర్మాగారానికి తెస్తే, అక్కడ మూడు రోజుల్లో కలిపేయవచ్చన్నది లెక్క. లోపలి తీగలూ గొట్టాలూ అన్నీ అమరిన భాగాలు వచ్చినప్పుడే ఆ మూడు రోజుల మాటకు అర్థముంటుంది. వచ్చిన భాగాలు మాత్రం సగం సగం పూర్తయి వచ్చాయి.

ఇక మీరడిగిన 2007 సంగతి. ఆ ఏడాది జూలై 8న విమానాన్ని జనం ముందుకు తెచ్చారు. అమెరికా పద్ధతిలో ఆ తేదీని రాస్తే ఏడు, ఎనిమిది, ఏడు అని వస్తుంది. విమానం పేరుకు సరిపోయిన తేదీ కోసం సిద్ధంకాని విమానాన్ని బయటికి తేవడం అక్కడ జరిగిన మొదటి పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను. బయటికి రంగు వేసి మెరిసిపోతున్న ఆ విమానం లోపల చాలావరకు డొల్ల. తీగలు, గొట్టాలు, పరికరాలు ఇంకా బిగించలేదు. భాగాలను కలిపే ఫాస్టెనర్ల కొరత తీవ్రంగా ఉండటంతో వేల చోట్ల తాత్కాలికమైనవి పెట్టి నిలబెట్టారు.

ఈ ఫాస్టెనర్ దగ్గర కాస్త ఆగాలి. రెండు భాగాలను కలిపే ఈ చిన్న మరలాంటి వస్తువు కార్బన్ ఫైబర్‌తో చేసిన విమానంలో చాలాచోట్ల టైటానియంతో ఉంటుంది, దుకాణానికి వెళ్లి కొనుక్కునే సరుకు కాదు, నెలల ముందే ఆర్డరు పెట్టాలి. తాత్కాలికమైనదాన్ని తీసి అసలుది పెట్టేటప్పుడు రంధ్రం అంచు దెబ్బతినకుండా చూడాలి, ఏది తాత్కాలికమో ఏది శాశ్వతమో కాగితం మీద ఉండాలి. ఆ పని పూర్తిచేసుకుంటూ వస్తుండగా, 2008 నవంబరులో మరో సంగతి బయటపడింది: విమానాల్లో బిగించిన ఫాస్టెనర్లలో దాదాపు 3 శాతం సరిగా కూర్చోలేదు. సూచనల పత్రంలో అస్పష్టత వల్ల పనివాళ్లు వాటిని తప్పుగా బిగించారు. మళ్లీ వేలాది ఫాస్టెనర్లు తీయాల్సివచ్చింది. ఆ శరత్కాలంలోనే దాదాపు ఎనిమిది వారాల కార్మిక సమ్మె కూడా నడిచింది.

చివరికి 2009 జూన్‌లో, ఎగరడానికి కొద్దిరోజులే ఉందనగా, రెక్క ఫ్యూజలేజ్‌ను కలిసే చోట బలం చాలడం లేదని నేలమీది పరీక్షల్లో తేలింది. రెక్క ఒకరిది, నడిమి పెట్టె మరొకరిది, కలయిక మూడోవారి బాధ్యత. సమస్య సరిగ్గా ఆ కలయిక దగ్గరే వచ్చింది. పని పంచేటప్పుడు యాజమాన్యం అన్నిటికంటే ఎక్కువమంది అనుభవజ్ఞులను కూర్చోబెట్టవలసింది ఈ హద్దుల మీదనే. డ్రీమ్‌లైనర్ 2009 డిసెంబరు 15న తొలిసారి ఎగిరింది. 2008 మేలో ఏఎన్ఏ అనే జపాన్ విమానయాన సంస్థకు ఇవ్వాల్సిన మొదటి విమానాన్ని 2011 సెప్టెంబరులో ఇవ్వగలిగారు. ఈ ఆలస్యాల నడుమే బోయింగ్ చార్ల్స్‌టన్‌లోని వాట్ కర్మాగారాన్ని కొనేసింది. బయటికి పంపిన పనిని డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకుంది.

దూరమొక్కటే ఇబ్బంది పెట్టిందనుకోకండి. ఒకే కంపెనీగా ఉన్న ఎయిర్‌బస్‌లోనూ ఇదే జరిగింది. దాని భారీ విమానం ఏ380లో తీగలు దాదాపు 530 కిలోమీటర్ల పొడవుంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒక వెర్షన్, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మరో వెర్షన్ వాడటంతో తీగల దారి కొలతలు కలవలేదు, హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాల్లో తీగలు పొట్టివయ్యాయి. జర్మన్ కార్మికులు వందలమంది తులూజ్‌కు వచ్చి చేత్తో సరిచేశారు. డెలివరీలు దాదాపు రెండేళ్లు వెనకబడ్డాయి.

డబ్బు నష్టానికి అసలు కారణం ఒకటి మీ కోర్సులో పనికొస్తుంది. ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతుందని అమెరికా విమాన ఇంజనీరు టి.పి. రైట్ 1936లోనే చూపించారు. చేసిన పనినే చేస్తూపోతే చేయి తిరుగుతుంది. మొదటి డ్రీమ్‌లైనర్లలో ఒక్కోదానికి ఒక్కో రకమైన మరమ్మతు కావాల్సివచ్చినందువల్ల ఆ చేయి తిరగడం ఆలస్యమైంది. మొదటి మూడింటినీ అమ్మలేమని ఒప్పుకుని, సుమారు 250 కోట్ల డాలర్లను బోయింగ్ పరిశోధన ఖర్చుగా రాసుకుంది. 2007లో జనం చూసిన ఆ మొదటి విమానం ఇప్పుడు నగోయా విమానాశ్రయంలో ప్రదర్శనలో ఉంది. దాని రెక్కలు తయారైనదీ ఆ ఊళ్లోనే.

ప్రశ్న: మా అమ్మాయి ఆదిభట్ల దగ్గర విమాన భాగాలు చేసే యూనిట్‌లో పనిచేస్తోంది. ఒక రంధ్రం పాడైతే సాయంత్రమంతా దాని కాగితాలతోనే సరిపోతుందని, ఇంటికి చీకటిపడ్డాక వస్తుంది. ఒక్క రంధ్రానికి ఇంత అవసరమా అండీ?
– ఒక తల్లి, ఇబ్రహీంపట్నం

సమాధానం: అవసరమేనమ్మా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డ్రిల్లు జారి ఒక రంధ్రం అర మిల్లీమీటరు పెద్దదైంది. ఎవరూ చూడలేదు, పక్కనున్న పాత ఫిట్టర్ తప్ప. ఆయన కోప్పడలేదు, తప్పును నమోదుచేసే ఎర్ర చీటీ నా చేతికిచ్చి, "ముందు రాసేయండి సార్, తరవాత తిట్టుకుందురు గానీ" అన్నాడు. ఆ చీటీ డిజైన్ విభాగానికి వెళ్లింది, పెద్ద సైజు రివెట్ (పలకలను కలిపి బిగించే మేకు) వాడవచ్చని వాళ్లు లెక్కగట్టి సంతకం పెట్టారు, రెండు రోజుల్లో పని ముందుకు సాగింది.

రాయకపోతే ఏమవుతుందో 2024 జనవరి 5న లోకమంతా చూసింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ 9 పోర్ట్‌లాండ్ నుంచి లేచిన కొద్ది నిమిషాలకే, తలుపు స్థానంలో బిగించిన మూత గాలిలో ఊడిపోయింది. 177 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. విచిటా నుంచి వచ్చిన ఫ్యూజలేజ్‌లో ఐదు రివెట్లు పాడైతే, వాటిని బాగుచేయడానికి బోయింగ్ రెంటన్ ఫ్యాక్టరీలో ఆ మూత తీశారు. తీసినట్టు ఎక్కడా రాయలేదు. అందువల్ల దాన్ని పట్టి ఉంచే నాలుగు బోల్టులు తిరిగి పెట్టారో లేదో తనిఖీ చేయాలని ఎవరికీ తట్టలేదు.

ఆదిభట్లలోని టాటా బోయింగ్ కర్మాగారం 2023 నుంచి 737 తోక మీద ఉండే నిలువు రెక్కను అదే రెంటన్‌కు పంపుతోంది. మీ అమ్మాయి ఏ యూనిట్‌లో ఉన్నా, ఆమె చేసిన భాగాన్ని ఎక్కడో దూరాన అందుకునే మనిషికి ఆ రంధ్రం సంగతి చెప్పేది ఆ కాగితమే. ఆలస్యంగా వచ్చిందని ఆమెను కోప్పడకండి, అన్నం వేడిగా ఉంచండి.