కాజీపేటలో రైళ్ళు చూస్తూ శని, ఆదివారాలు: పిల్లాడితో వస్తే ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి?

అన్నా, మీరు రెండు రోజులు హనుమకొండలో అత్తగారింటికి వస్తున్నామని, పదేళ్ళ బాబుకి రైళ్ళంటే ప్రాణమని, ఉరుకులు పరుగులు లేకుండా రైళ్ళు, ఇంటి తిండి, కాసేపు ఆటలతో గడపాలని ఉందని అడిగారు. నేను పుట్టి పెరిగింది కాజీపేటలో. మా నాన్న రైల్వేలో పనిచేశారు. సెలవు దొరికితే ఇప్పటికీ నన్ను ప్లాట్‌ఫారం మీదే వెతకాలి. అందుకే తెలిసింది చెప్తున్నాను.

ముందుగా ఒక సలహా. వందే భారత్ టైమ్ చుట్టూ ప్లాన్ వేసుకోకండి. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరి నుంచి వరంగల్ స్టేషన్‌లో ఆగుతోంది. బాబు అడిగితే తప్పకుండా చూపించండి, కానీ అది వచ్చి కాసేపట్లో వెళ్ళిపోతుంది. కాజీపేటలో అసలు చూడాల్సింది గూడ్స్ బండ్లు. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు. ఒక్క పూట కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది.

కాజీపేట దగ్గర సికింద్రాబాద్, బల్లార్షా (మహారాష్ట్రలో ఉంది, ఢిల్లీ వైపు దారి), విజయవాడ దారులు మూడూ కలుస్తాయి. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాకే ఢిల్లీ నుంచి మద్రాసుకు ఇప్పుడున్న దారి ఏర్పడింది. సింగరేణి బొగ్గు రామగుండం, మంచిర్యాల వైపు నుంచి నిండుగా వస్తుంది, ఖాళీ వ్యాగన్లు మళ్ళీ అటే పోతాయి. మామూలుగా ఒక బొగ్గు బండికి 58 లేదా 59 వ్యాగన్లు, ఒక్కోదాంట్లో సుమారు 60 టన్నులు. లెక్కపెట్టే పని బాబుకి అప్పగించండి, మళ్ళీ ఫోన్ అడగడు. ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు వ్యాగన్లను కలిపే కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటూ ఆ చప్పుడు ఇంజన్ దగ్గర మొదలై చివరి వ్యాగన్ దాకా పరుగెత్తుతుంది. ఆ చప్పుడంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

గూడ్స్‌కి అనౌన్స్‌మెంట్ ఉండదు. సిగ్నళ్ళ మీద కన్నేసి ఉంచాలి. ప్లాట్‌ఫారం చివర ఉండే స్టార్టర్ సిగ్నల్ ఎరుపు నుంచి పసుపుకో పచ్చకో మారిందంటే ఆ లైనులో బండి కదలబోతోందన్నమాట. ఇది ఒక్కటి నేర్పిస్తే చాలు, ఆ తర్వాత వాడే మీకు చెప్తుంటాడు.

ఇంజన్ల సంగతి కూడా నేర్పించండి. పేరులో డబ్ల్యూ ఉంటే బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాలు), ఏ అంటే ఏసీ కరెంటు, పీ అంటే ప్యాసింజర్, జీ అంటే గూడ్స్. నంబరు 30తో మొదలైతే ఎక్కువగా డబ్ల్యూఏపీ-7, 31తో మొదలైతే డబ్ల్యూఏజీ-9. ఈ రెండూ నిజానికి అన్నదమ్ములే. గూడ్స్ కోసం చేసిన 9కి గేర్ల నిష్పత్తి మార్చి, ప్యాసింజర్ బండ్లను 140 కిలోమీటర్ల వేగంతో లాగేలా 7ని తయారుచేశారు. ఇంజన్‌ను చూసుకునే షెడ్డు పేరు దాని మీదే రాసి ఉంటుంది. కాజీపేట, లాలాగూడ, విజయవాడ అని చదువుతూ పోతే ఏ ఊరి ఇంజన్ ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. కాజీపేట షెడ్డు లోపలికి మాత్రం బయటివాళ్ళను రానివ్వరు, అడిగి టైమ్ వృథా చేసుకోకండి.

ఒక విషయం ముందే తెలుసుకుంటే మంచిది. జీటీ (గ్రాండ్ ట్రంక్), తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటి ఢిల్లీ–చెన్నై బండ్లు కాజీపేట జంక్షన్‌లోకి రాకుండా బైపాస్ మీదుగా వరంగల్ వెళ్ళిపోతాయి. వాటికోసం వరంగల్ స్టేషన్‌కే వెళ్ళాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ బండి కాబట్టి కాజీపేటలో దొరుకుతుంది.

ప్లాట్‌ఫారం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. టిఫిన్ అయ్యాక ఎండ ముదరకముందే ఒకసారి, సాయంత్రం మరోసారి వెళ్తే చాలు. పసుపు గీత దాటనివ్వకండి. ఫొటో కోసం పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద జరిమానా, జైలు కూడా ఉన్నాయి. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద నుంచి బాగా కనిపిస్తుందని కొందరు చెప్తారు. ఆ ట్రాఫిక్‌లో పిల్లాడితో ఆగడం నాకైతే అస్సలు ఇష్టం లేదు.

తిండి విషయానికి వస్తే, అత్తగారిని గిన్నప్ప చేసి పెట్టమనండి. హైదరాబాద్‌లో సర్వపిండి అంటారు కదా, అదే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం కలిపి గిన్నె అడుగున పలచగా వత్తి, చిల్లులు పెట్టి నూనె వేసి, మూతపెట్టి సన్న సెగ మీద కాలనివ్వాలి. చల్లారినా బాగుంటుంది కాబట్టి డబ్బాలో పెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళొచ్చు. మధ్యాహ్నం పప్పు, పచ్చిపులుసుతో అన్నం తిని పడుకోండి. ఆ నిద్ర మానేసి కోటకీ, వేయిస్తంభాల గుడికీ పరుగెత్తొద్దు, అవి ఇంకోసారి చూడొచ్చు.

ఆటలకి, ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తే క్రికెట్ ఆడేవాళ్ళు కనిపిస్తారు. బాబుని కూడా ఆడించమని అడగండి, కాదనరు. ఆ తర్వాత హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం చూపించండి. 2021 సెప్టెంబర్‌లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ ఇక్కడే జరిగాయి. మహిళల 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును బద్దలు కొట్టింది ఆ ట్రాక్ మీదే. జీవంజి దీప్తి గురించి కూడా బాబుకి చెప్పండి. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. 2024లో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధోపరమైన లోపం ఉన్న క్రీడాకారుల విభాగం) 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ పేరు చెప్పుకుంటే ఇక్కడ మాకందరికీ గర్వం.

వీలైతే కారు వదిలేసి రైల్లోనే రండి. సికింద్రాబాద్ నుంచి 132 కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. ఆదివారం సాయంత్రం హైదరాబాద్ వెళ్ళే బండ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి, తిరుగు టికెట్ మాత్రం ముందే రిజర్వేషన్ చేయించుకోండి. బాబుకి కిటికీ సీటు ఇవ్వండి.