పుట్ ఆఫ్ సంగతి

చిరంజీవి బుజ్జికి,

ఇంగ్లీషులో ‘పుట్ ఆఫ్’ (put off) నేర్చుకునేటప్పుడు ‘పుట్’ అంటే పెట్టు, ‘ఆఫ్’ అంటే ఇంకేదో అని విడదీసి చూడకు. మన ఎత్తిపొడవడంలో ఎత్తడమూ లేదు, పొడవడమూ లేదు కదా. ఇదీ అంతే, రెండూ కలిసి ఒకే క్రియ. భూతకాలంలోనూ ‘పుట్’ మారదు.

వాయిదా వేయడం మొదటి అర్థం. ‘ది మీటింగ్ వాజ్ పుట్ ఆఫ్ టిల్ మండే’ అంటే మీటింగు సోమవారానికి వాయిదా పడిందని. దీన్ని ‘కాల్ ఆఫ్’తో కలిపేయకు, అది రద్దు. పెళ్లి ‘పుట్ ఆఫ్’ అయితే ఇంకో ముహూర్తం చూసుకుంటారు. ‘కాల్ ఆఫ్’ అయితే వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు గురించి ఆలోచించాలి.

ఎక్కువమంది దొరికిపోయేది ‘ఇట్’ దగ్గర. ‘పుట్ ఆఫ్ ది ట్రిప్’ అనొచ్చు, ‘పుట్ ది ట్రిప్ ఆఫ్’ అనొచ్చు. కానీ ఇట్, దెమ్ లాంటి సర్వనామం వస్తే మధ్యలోనే పెట్టాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు.

తర్వాత ఇంకో పని చెప్పాలంటే ‘ఇంగ్’ రావాలి: ‘డోంట్ పుట్ ఆఫ్ గోయింగ్ టు ది డెంటిస్ట్’. ‘వాంట్ టు గో’ అలవాటు కొద్దీ ఇక్కడా ‘టు గో’ వచ్చేస్తుంది. తెలుగులో ‘వెళ్లడం వాయిదా వేయకు’ అంటాం చూడు, ఆ ‘డం’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఇంగ్’ పెట్టు, సరిపోతుంది. (అన్ని క్రియలకీ ఈ కిటుకు పనిచేయదు, దీనికి పనిచేస్తుంది.)

వాయిదా పడేది పని. ‘పుట్’కీ ‘ఆఫ్’కీ మధ్య మనిషి ఉంటే అర్థం మారుతుందని అనుమానించు. ‘ది స్మెల్ పుట్ మి ఆఫ్ మై ఫుడ్’ అంటే ఆ వాసనకి నాకు అన్నం సహించలేదని. ‘హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్’ అంటే రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుకుంటున్నాడని. రెంటిలో ఏదో ముందూ వెనకా మాటలే చెబుతాయి.

లైటు ఆర్పమనడానికి ‘పుట్ ఆఫ్ ది లైట్’ మన దగ్గర చెల్లుతుంది. విదేశాల వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘టర్న్ ఆఫ్’ అను, తికమక ఉండదు.

పలికేటప్పుడు ఒత్తు ‘ఆఫ్’ మీద పడాలి. ‘కప్ ఆఫ్ టీ’లోది వేరే మాట (of), మనం ‘ఆఫ్’ అనేది నిజానికి ‘అవ్’. అక్కడ ఒత్తు ఉండదు.

ఆదివారంలోగా ఆరు వాక్యాలు రాసి పంపు. రెండు ‘ఇట్’తో, రెండు ‘ఇంగ్’తో, రెండు మధ్యలో మనిషిని పెట్టి. నీ ఇంటి సంగతులతోనే రాయి, గైడులోంచి దింపకు.

ఆశీస్సులతో,
పెదనాన్న