బేస్ గిటార్ నాదంలో చెక్క వాటా ఎంత?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ బేస్ చెక్క చుట్టూనే తిరిగాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఆల్డర్ బాడీ సమంగా, ఆష్ బాడీ గలగలా, మహాగని బాడీ గంభీరంగా మోగుతుందని ప్రతి కేటలాగులోనూ ఉంటుంది. ఇంకొందరేమో పికప్‌కి చెక్కతో పనేమిటని కొట్టిపారేస్తారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ సగమే నిజం. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి చుట్ట. పైన లోహపు తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. చెక్క ఎంత కంపించినా పికప్ దాన్ని నేరుగా వినదు. కాబట్టి అకూస్టిక్ గిటార్ పైపలక గురించి చెప్పే మాటల్ని తెచ్చి ఇక్కడ అతికించకూడదు.

అలాగని చెక్కకి ఏ పాత్రా లేదనలేం. తీగ ఒక కొస బ్రిడ్జ్ (బాడీ మీద తీగల్ని మోసే లోహపు ముక్క) మీద, రెండో కొస ఫ్రెట్ (నెక్ అనే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద ఆనుతుంది. ఆనిన చోటు ఏదైనా స్థాయిలో (అంటే సెకనుకి ఇన్ని ఊపుల లెక్కన) తనూ ఊగడం మొదలుపెడితే, ఆ స్థాయిలో తీగకున్న శక్తి అటు జారిపోతుంది. తీగలో లేనిది పికప్‌కి అందదు. చెక్క నాదానికి కొత్తగా ఏదీ కలపదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేస్తుంది, అంతే.

మరి ఏ కొస ఎక్కువ ఊగుతుంది? బ్రిడ్జ్ కింద దాదాపు 45 మి.మీ. మందమున్న దిమ్మ ఉంటుంది. అది సులభంగా కదలదు. నెక్ మాత్రం 20-25 మి.మీ. మందంతో పొడుగ్గా సాగి, చివర ట్యూనర్ల (తీగల్ని బిగించే మరల) బరువు మోస్తుంది. ఊగేది అదే. అందువల్ల చెక్క గురించి డబ్బూ ఆలోచనా ఖర్చుపెట్టాల్సి వస్తే ముందు నెక్ మీద పెట్టండి, బాడీ సంగతి తరవాత. పైగా ఘనపు మీటరుకి ఆల్డర్ సుమారు 450 కిలోలు, తేలికరకం ఆష్ 500 చుట్టుపక్కల, మహాగని 590 దాకా తూగుతాయి. ఒకే జాతిలో రెండు పలకలు తీసుకున్నా బరువులో ఇంత తేడా రావచ్చు. చెక్క పేరు ఒక్కటే చూసి నాదం చెప్పడం కుదరని పని.

ఒక పరీక్ష చేసి చూడండి. ఆంప్ (ఆంప్లిఫయర్) మీద ఏ నాబూ ముట్టకుండా, మీటే వేలిని బ్రిడ్జ్ వైపు 3 సెం.మీ. జరపండి. అప్పుడు వినిపించే తేడా అంత తేడా రెండు బాడీ చెక్కల మధ్య దొరకడం కష్టం. తీగల వయసు, రౌండ్‌వౌండా (గరుకు చుట్టుది) ఫ్లాట్‌వౌండా (నునుపు చుట్టుది), పికప్ ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది అన్నవి కూడా బాడీ చెక్క కంటే ముందు వరసలోనే ఉంటాయి.

ప్రశ్న: జి తీగ మీద 5, 6 ఫ్రెట్ల దగ్గర స్వరం మోగీ మోగకముందే చచ్చిపోతోంది. తీగలు మార్చాను, ఫ్రెట్లు రుద్దించాను, ఫలితం లేదు. నాకు నాసిరకం చెక్క అంటగట్టారా?

జవాబు: కంగారు పడకండి, ఇది నాసిరకం చెక్క లక్షణం కాదు. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే భాగం పొడవు), స్క్రూలతో బిగించిన మేపుల్ నెక్ ఉన్న బేస్‌లలో ఇది మామూలే. ఖరీదైనవాటిలోనూ ఉంటుంది. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. విడి జి తీగ 98 హెర్ట్జ్. 5వ ఫ్రెట్‌లో పలికే సి దాదాపు 131, 7వ ఫ్రెట్‌లో డి దాదాపు 147. నెక్‌కి తనదైన ఊగే స్థాయి ఒకటి ఈ ప్రాంతంలో పడుతుంది. స్వరం ఆ స్థాయిని తాకగానే తీగ తన శక్తిని నెక్‌కి అప్పగించేస్తుంది. మూలస్వరం (స్వరంలోని అడుగు కంపనం) త్వరగా ఆరిపోయి పైస్వరాలు (దాని పైన కలిసి మోగే సన్నని కంపనాలు) మాత్రం మిగులుతాయి. అందుకే అక్కడ స్వరం సన్నబడినట్టు, బోలుగా వినిపిస్తుంది.

ముందు తప్పు నెక్‌దో ఫ్రెట్‌దో తేల్చుకోండి. జి తీగను అరస్వరం దించి, ప్రతి ఫ్రెట్‌నూ ఒకే బలంతో మీటుతూ వెళ్లండి. చచ్చే చోటు 5 నుంచి 6కి జరిగితే అది ఆ స్థాయికి అంటుకున్న జబ్బు, అంటే నెక్. దించినా 5 దగ్గరే నిలిచిపోతే ఆ ఫ్రెట్ సరిగ్గా కూర్చోలేదు, లేదా బ్రిడ్జ్ వైపు దాని పక్కనున్న ఫ్రెట్ ఎత్తుగా ఉంది. ఈ పరీక్ష చేయకుండానే ఫ్రెట్లు రుద్దించేస్తే అరిగిన లోహం మళ్లీ రాదు.

నెక్ అని తేలితే హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే నెక్ కొస) చివర చిన్న సి-క్లాంప్ బిగించి చూడండి. 100 గ్రాముల వరకూ ఉంటే చాలు. నొక్కులు పడకుండా రెండువైపులా తోలు ముక్క పెట్టండి. బరువు పెరిగితే నెక్ ఊగే స్థాయి తగ్గుతుంది, డెడ్ స్పాట్ కిందికి జరుగుతుంది, లేదా రెండు ఫ్రెట్ల మధ్య పడి పలచబడుతుంది. క్లాంప్‌ను చివరి నుంచి మధ్యకి జరుపుతూ మంచి చోటు వెతకండి. దొరికాక అంతే బరువున్న ఇత్తడి పలకను హెడ్‌స్టాక్ వెనక బిగించవచ్చు. నిలబడి వాయించేటప్పుడు నెక్ కిందికి వాలే బేస్ అయితే మాత్రం ఈ బరువు భుజానికి భారమే. అలాంటప్పుడు ఎదురుదారిలో వెళ్లండి: తేలికపాటి ట్యూనర్లు వేస్తే ఊగే స్థాయి పైకి వెళ్తుంది, వాలడమూ తగ్గుతుంది.

నెక్ అతుకు కూడా చూడాలి. తీగలు శ్రుతిలో ఉండగానే నాలుగు స్క్రూలనూ అరచుట్టు వదులు చేయండి. నెక్ ఒక్కోసారి టిక్కుమని లోపలికి సర్దుకుంటుంది. ఎదురెదురు మూలల వరసలో మళ్లీ బిగించండి. ఎంత బిగించినా సందు పోకపోతే నెక్ విప్పి, బాడీలోని రంధ్రాలు చూడండి. స్క్రూ మర బాడీని కరవకూడదు. చేతితో తోస్తేనే జారిపోయేంత వదులుండాలి. మర రెండు చెక్కల్నీ కరిస్తే వాటి మధ్య ఉన్న సందు అలాగే ఉండిపోతుంది, ఎంత తిప్పినా దగ్గరికి రావు. అలాంటప్పుడు బాడీ రంధ్రాన్ని మాత్రమే స్క్రూ మందానికి పెంచాలి, నెక్ రంధ్రాన్ని కాదు. పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గుంటలో) పెయింటు గడ్డలున్నా గోకేయండి.

కొత్తగా నెక్ ఎంచుకునేవాళ్లు క్వార్టర్ సాన్ (చెక్క వలయాలు నిలువుగా పడేలా కోసిన) మేపుల్ గానీ, 3 లేదా 5 పట్టీలు అతికినది గానీ, కార్బన్ ఫైబర్ కడ్డీలు పొదిగినది గానీ చూడవచ్చు. వీటితో నెక్ బిగుతు పెరిగి ఊగే స్థాయి మారుతుంది. డెడ్ స్పాట్ పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. హెడ్‌స్టాకే తీసేసి కార్బన్ ఫైబర్ మిశ్రమంతో బేస్ తయారుచేసిన స్టైన్‌బర్గర్ కంపెనీ దారి, 1980 ప్రాంతంలో, ఈ సమస్యకి అందరికంటే దూరం వెళ్లింది. అంత అక్కర్లేదనుకుంటే ఆ సి స్వరాన్ని డి తీగ మీద 10వ ఫ్రెట్‌లో పట్టుకోండి. చాలామంది బేసిస్టులు చేసేది ఇదే.

ప్రశ్న: మేపుల్ ఫింగర్‌బోర్డ్ (నెక్ పైన ఫ్రెట్లు పొదిగే పలక) తీసుకోవాలా, రోజ్‌వుడ్‌దా?

జవాబు: ఫ్రెట్లున్న బేస్ అయితే చేతికి ఏది నచ్చితే అది. తీగ ఆనేది ఫ్రెట్ లోహం మీద, చెక్క మీద కాదు. బోర్డ్ మందం 6 మి.మీ. అటూ ఇటూ, నెక్ బిగుతులో దానికి కొంత వాటా ఉంది, అంతకుమించి ఆశించకండి. మేపుల్‌కి లక్కర్ పూత కావాలి, పూత అరిగితే మాసిపోతుంది. రోజ్‌వుడ్‌కి పూత అక్కర్లేదు, అప్పుడప్పుడు నూనె చుక్క చాలు.

ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేనిది) అయితే కథ వేరు. అక్కడ తీగ నేరుగా చెక్క మీదే ఆని, దాన్ని రాసుకుంటూ మోగుతుంది. బోర్డ్ గట్టితనం నాదంలో స్పష్టంగా తెలుస్తుంది. ఎబొనీ గట్టిది, పైస్వరాలు బాగా నిలుస్తాయి. రోజ్‌వుడ్ కాస్త మెత్తన, రౌండ్‌వౌండ్ తీగలు వేసి వైబ్రాటో చేస్తుంటే కొన్నాళ్లకే గాట్లు పడతాయి. ఫ్లాట్‌వౌండ్‌కి మారడమో, బోర్డ్ మీద ఎపాక్సీ పూత వేయించడమో చేయాలి. బేసిస్టు జాకో పాస్టోరియస్ తన ఫ్రెట్‌లెస్‌కి పడవలకి వాడే ఎపాక్సీ పూసుకున్నది ఇందుకే.

రోజ్‌వుడ్ దొరకదేమోనని ఒకరు భయపడ్డారు. 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా (రోజ్‌వుడ్ చెట్ల కుటుంబం) జాతులన్నీ సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షల కిందికి వచ్చిన మాట నిజమే. పూర్తిగా తయారైన వాయిద్యాలకి 2019 నవంబర్ 26 నుంచి మినహాయింపు వచ్చింది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు.

ప్రశ్న: డెబ్భైల ఫెండర్ జాజ్ బేస్‌లో ఉన్న ఆ పదునైన స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టి వాయించే) నాదం కావాలి. ఆష్ బాడీ, మేపుల్ బోర్డ్ కొంటే సరిపోతుందా?

జవాబు: టేపు తీసి కొలవండి. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల మధ్య దూరం, నడుమ నుంచి నడుమకి, సుమారు 9 సెం.మీ. డెబ్భైల మొదట్లో బ్రిడ్జ్ పికప్‌ను ఇంకో సెంటీమీటరు వెనక్కి, బ్రిడ్జ్ వైపు జరిపారు. బ్రిడ్జ్‌కి దగ్గరైనకొద్దీ మూలస్వరపు ఊపు చిన్నదై పైస్వరాలు ముందుకొస్తాయి. రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకునే స్థాయిలూ మారతాయి. ఆష్ ఖాతాలో వేసిన పదునులో పెద్ద వాటా ఈ సెంటీమీటరుదే. పాత కొలతలో పికప్ ఉన్న బేస్‌కి ఎంత మంచి ఆష్ బాడీ వేసినా మీరడిగే నాదం రాదు. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు, తక్కువ యాక్షన్ (ఫ్రెట్ల నుంచి తీగల ఎత్తు) కూడా కలవాలి.

చెక్క ఎంపికలు చెవి చెప్పినట్టే జరిగాయనీ అనుకోకండి. ఫెండర్ 1951 ప్రెసిషన్ బేస్ ఆష్‌తో వచ్చింది. ఆష్‌కి రంధ్రాలు ఎక్కువ, ఫిల్లర్ పూసి నునుపు చేయకపోతే రంగు కుదరదు. యాభైల నడుమ ఫెండర్ ఎక్కువ మోడళ్లకి ఆల్డర్‌ను పట్టుకుంది. దానికి ఆ చాకిరీ లేదు. చెక్క రేఖలు కనిపించే లేతరంగు పూతలకి మాత్రం ఆష్ ఉంచింది. ఆష్ చెట్లని తొలిచే పురుగు దెబ్బకి సరఫరా తగ్గి, 2020లో మామూలు మోడళ్లలో చాలావాటి నుంచి ఆ ఆష్‌నీ తప్పించింది.

ప్రశ్న: పాత టేకు దూలం ఉంది. దాంతో బాడీ చేయవచ్చా? నాదం దెబ్బతింటుందా?

జవాబు: నాదానికి ఢోకా లేదు, బరువే సమస్య. జాజ్ ఆకారపు బాడీ దాదాపు నాలుగున్నర లీటర్ల చెక్క. ఆల్డర్‌లో అది 2 కిలోలైతే, టేకులో (లీటరుకి 650 గ్రాములు) 2.9 కిలోలు. నెక్, ట్యూనర్లు, బ్రిడ్జ్, పికప్‌లకి ఇంకో 2 కిలోలు వేసుకోండి. 5 కిలోల బేస్‌ను గంటల తరబడి మోయడం కష్టం. అందుకని రెక్కల్లో (బాడీ రెండు పక్కల భాగాల్లో) లోపల గుల్ల చేయండి. మధ్యలో నెక్ పాకెట్ నుంచి బ్రిడ్జ్ వెనక దాకా 10 సెం.మీ. వెడల్పున గట్టి చెక్క అలాగే వదిలేయాలి. మందం తగ్గించాలనుకుంటే కంట్రోళ్ల గూటి లోతూ, నెక్ స్క్రూల పొడవూ ముందే సరిచూసుకోండి.

దూలాన్ని చిత్రిక పట్టే ముందు అంతటా అయస్కాంతం తిప్పి చూడండి. విరిగి లోపలే మిగిలిన మేకు ఒక్కటి తగిలినా బ్లేడు పోతుంది. పాతది కదా ఎండే ఉంటుందనీ అనుకోవద్దు. పలకలు కోశాక నిలబెట్టి గాలి ఆడనిచ్చి, వారానికోసారి తూచండి. బరువు మారడం ఆగాకే గీతలు గీయండి.

టేకుతో అసలు చిక్కు దానిలోని నూనె. రెండు ముక్కలు జిగురుతో బాగానే అతుక్కుంటాయి, ఆరు నెలలకి మధ్యలో వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది. అతికే రోజే అంచుల్ని తాజాగా చిత్రిక పట్టి, అతికే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే ఎపాక్సీ రాయండి. క్లాంపులు మరీ బిగిస్తే జిగురంతా బయటికి కక్కేసి అతుకు బలహీనమవుతుంది. 24 గంటలు కదిలించవద్దు. టేకు పొడి చర్మానికీ ఊపిరికీ పడదు, మాస్కు తప్పనిసరి.

నెక్‌కీ టేకు పనికొస్తుంది. బిగుతులో అది మేపుల్‌కి మరీ తీసిపోదు. రేఖలు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిటారుగా, ముడి లేకుండా ఉన్న చేవ ముక్క మాత్రమే తీసుకోండి. రేఖలు పక్కకి దిగిపోతుంటే నెక్ మెలితిరుగుతుంది, మెలికను ట్రస్ రాడ్ (నెక్ లోపలి సరిచేసే లోహపు కడ్డీ) సరిచేయలేదు.

ప్రశ్న: ఐదు తీగల బేస్‌లో బి తీగ వదులుగా, బురదలా మోగుతోంది. బరువైన చెక్కకి మారాలా?

జవాబు: వద్దు. విడి బి తీగ దాదాపు 31 హెర్ట్జ్. చిన్న స్పీకర్ల నుంచి ఆ మూలస్వరం రానే రాదు, వినిపించేది పైస్వరాలే. ముందు తీగ చూడండి: 0.125 అంగుళాల మందమున్నది వాడుతుంటే 0.130కి మారండి. పికప్ ఆ వైపు మరీ ఎత్తుగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని అటూ ఇటూ ఊపుతుంది. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి తీగకీ పికప్‌కీ మధ్య 3 మి.మీ. సందు ఉంచండి. బేస్ మార్చే ఉద్దేశమే ఉంటే 35 అంగుళాల స్కేలు చూడండి. అదే తీగ, అదే శ్రుతి, కానీ 34 కంటే బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ.

ప్రశ్న: మందపాటి పాలీ (పాలియురెథేన్ లాంటి ప్లాస్టిక్) పూత చెక్కని ఊపిరాడకుండా చేస్తుందా?

జవాబు: అకూస్టిక్ పైపలకకి ఆ మాట వర్తిస్తుంది. 45 మి.మీ. దిమ్మ మీద అర మిల్లీమీటరు పూత చేసేదేమీ లేదు. నెక్ పాకెట్‌లోకి మాత్రం పూత రానివ్వకండి.

ప్రశ్న: ఆంప్‌కి పెట్టకుండా ఒట్టిగా మీటినప్పుడు గట్టిగా మోగే బేస్ మంచిదని అంటారు. నిజమేనా?

జవాబు: గట్టిగా వినిపిస్తోందంటే తీగ శక్తి చెక్క ద్వారా గాలిలోకి పోతోందని అర్థం. ఆ శక్తి పికప్‌కి మిగలదు కూడా. కాబట్టి ఎంత గట్టిగా అని కాక, ఎంత సమంగా అని వినండి. నాలుగు తీగల మీదా 1 నుంచి 12వ ఫ్రెట్ దాకా ఒకే బలంతో మీటుతూ, ఎడమ చేత్తో నెక్ వెనక వైపు కంపనం గమనించండి. చెయ్యి ఒక్కసారిగా జివ్వుమనిపించిన ఫ్రెట్ దగ్గర ఆగి, ఆ స్వరాన్ని ఆంప్‌లో పెట్టి మళ్లీ వినండి. డెడ్ స్పాట్ ఉంటే చాలావరకు అక్కడే దొరుకుతుంది.