గర్భిణి ప్రయాణం: రాత్రి దోమతెర ఒక్కటే చాలదు

ప్రశ్న: నాకు ఐదో నెల. మలేరియా, జికా రెండూ ఉన్న ఒక ఉష్ణమండల దేశానికి భర్తతో కలిసి వెళ్లవలసి రావచ్చు. రాత్రిపూట దోమతెర కట్టుకుంటే సరిపోతుందా? ఒంటికి రాసుకునే దోమల మందు బిడ్డకు హాని చేస్తుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: వాయిదా వేసుకోగల ప్రయాణమైతే ప్రసవం అయ్యేదాకా ఆగండి. మలేరియా వ్యాపించే ప్రాంతాలకు గర్భిణులు వెళ్లకపోవడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఫాల్సిపారం రకం మలేరియాలో పరాన్నజీవి సోకిన ఎర్ర రక్తకణాలు మాయలో పేరుకుపోతాయి. దానివల్ల తల్లికి తీవ్రమైన రక్తహీనత రావచ్చు, గర్భస్రావం కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. జికా విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే తల్లికి జ్వరమైనా రాకుండానే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది.

ప్రయాణం తప్పదనుకుంటే, మీ మొదటి ప్రశ్నకు జవాబు: సరిపోదు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది కాబట్టి దోమతెర తప్పనిసరే. అయితే జికా, డెంగ్యూ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే ఈడిస్ దోమ ముఖ్యంగా పగలే కుడుతుంది. అందువల్ల పగలంతా ఒళ్లు కప్పే వదులైన దుస్తులు వేసుకోండి; మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా దోమతెరలోనే పడుకోండి.

రాసుకునే మందు గురించి మీ భయం సహజమే, కానీ ఆ భయంతో మందు మానేయడమే ఎక్కువ ప్రమాదం. 20 నుంచి 30 శాతం డీట్ గాని, 20 శాతం పికారిడిన్ గాని ఉన్న లేపనాన్ని, సీసా మీది సూచనల ప్రకారం గర్భిణులు వాడవచ్చు. దుస్తులు కప్పని చోట మాత్రమే రాసుకుని, లోపలికి వచ్చాక కడిగేసుకోండి. ఎండ తగలకుండా రాసుకునే క్రీము ఉంటే ముందు అది, ఆరిన తరువాత ఇది. పెర్మెత్రిన్ అనే దోమల మందు మాత్రం దుస్తులకు, దోమతెరకే గాని చర్మానికి కాదు.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రలను వైద్యుల సలహా లేకుండా, తోటి ప్రయాణికులు వాడుతున్నారని తీసుకోవద్దు. డాక్సీసైక్లిన్, ప్రైమాక్విన్ గర్భిణులకు తగవు. మెఫ్లోక్విన్ ఇవ్వవచ్చు గాని, మూర్ఛ లేదా మానసిక వ్యాధి ఉన్నవారికి పనికిరాదు. పైగా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. కాబట్టి టికెట్టు కొనకముందే వైద్యులను కలవండి.

చాలామంది అడగడానికి మొహమాటపడే సంగతి ఒకటుంది. జికా వైరస్ వీర్యంలో చాలాకాలం నిలిచి ఉండగలదు. మీ భర్తకు జ్వరం రాకపోయినా, ఆ ప్రాంతానికి వెళ్లినప్పటి నుంచి ప్రసవం దాకా కండోమ్ వాడాలి, లేదా కలయికకు దూరంగా ఉండాలి.

తిరిగి వచ్చిన కొన్ని నెలల వరకు ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, ఎక్కడికి వెళ్లి వచ్చారో చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. మొదటి పరీక్షలో మలేరియా కనబడకపోయినా జ్వరం తగ్గకుంటే మళ్లీ చేయించాలి. డెంగ్యూ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టవద్దు. జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు.